అట్ట మీది పాప

నివేదిక అట్ట మీద నవ్వుతున్న పాప పదకొండు రోజులుగా బడిలో లేదని దేవకుమారికి ఆ ఉదయం పదిన్నరకు తెలిసింది.

మూల్యాంకనంలో అది ఆఖరి రోజు. నివేదిక నమూనా ప్రతి అప్పటికే రాజమండ్రిలో అచ్చయి వచ్చేసింది. మిగిలింది ఒక్కటే పని. ముప్పై ఒక్క మంది పిల్లల్లో ఐదుగురిని చీటీలు తీసి పిలవాలి, పాత జవాబులతో ఇప్పటి జవాబులు పోల్చి చూడాలి. నాలుగో చీటీలో ‘మడివి ఉంగి, తొమ్మిదేళ్ళు’ అని వచ్చింది.

“ఉంగిని పంపించండి,” అంది దేవకుమారి.

వార్డెన్ మాణిక్యాంబ గ్లాసులో టీ పోస్తోంది. గ్లాసు నిండినా ఆపలేదు. టీ అంచు దాటి బల్ల మీద పారింది.

“ఇంకో పిల్లని తీసుకోండి మేడమ్.”

“ఎందుకు?”

“లేదండి.”

“ఒంట్లో బాలేదా?”

“కాదండి. అసలు లేదు.”

దేవకుమారి హాజరు పుస్తకం లాక్కుని తెరిచింది. ఉంగి పేరు ఎదురుగా నిన్నటి దాకా అన్ని గళ్ళలోనూ టిక్కులు ఉన్నాయి.

“ఎప్పట్నుంచి?”

“ఎనిమిదో తారీకు నుంచండి.”

“మరి ఈ టిక్కులేంటి?”

మాణిక్యాంబ తడిగుడ్డతో బల్ల తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. “మీరొస్తున్నారు కదండీ,” అంది.

ఆ బడి ధవళేశ్వరం దిగువన కాలవ గట్టు మీద ఒక పాత మిషన్ హాస్టల్లో నడుస్తోంది. పిల్లలు ఇక్కడి వాళ్ళు కాదు. ఛత్తీస్‌గఢ్ వైపు అడవుల్లో పోరుకు ఊళ్ళు తగలబడితే, అమ్మానాన్నలతో రాత్రీ పగలూ నడిచి ఏజెన్సీలోకి వచ్చిపడ్డ కోయ పిల్లలు. కొందరికి అమ్మానాన్నలు కూడా లేరు. ఒక ట్రస్టు వాళ్ళని తెచ్చి మూడేళ్ళ కార్యక్రమం పెట్టింది. చదువు ఒకవైపు, మనసు కుదుటపడే పని ఇంకోవైపు. రెండూ ఎంతవరకు పనిచేశాయో తేల్చి చెప్పమని దేవకుమారిని పిలిచారు. ఆవిడ బి.ఎడ్. కాలేజీలో ముప్పై ఏళ్ళు మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి.

అంకెలూ ప్రశ్నపత్రాలూ తెలియని పిల్లల కోసం ఆవిడే ఒక పరీక్ష తయారు చేసింది. ఐదు గిన్నెల మీద ఐదు ముఖాలు ఉంటాయి, ఏడుపు నుంచి నవ్వు దాకా. పిల్లల చేతికి పది చింతపిక్కలు ఇస్తారు. అడిగిన ప్రశ్నకు తోచిన గిన్నెలో తోచినన్ని వెయ్యాలి.

మొదటి ఏడాది ఉంగి ప్రశ్న పూర్తిగా వినకుండానే పది పిక్కలూ ఏడుపు గిన్నెలో ఒంపేసింది. మొన్న జులైలో ‘నీ కోసం వచ్చే పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా?’ అని అడిగితే, పది పిక్కలూ ఒక్కొక్కటిగా నవ్వు గిన్నెలో పేర్చింది. ఆ గిన్నె ముందు కూర్చుని నవ్వుతుంటే తీసిన ఫొటోనే అట్ట మీదికి ఎక్కింది. పైన ‘తిరిగొచ్చిన నవ్వులు’ అని పేరు. లోపల పన్నెండో పేజీలో దేవకుమారి స్వయంగా ఒక వాక్యం రాసింది. ఈ కార్యక్రమం పనిచేసిందనడానికి ఈ ఒక్క పాప చాలు, అని.

“పోలీసులకి చెప్పారా?”

“ఏమని చెప్పనండి? ఆధార్ లేదు. ఊరి పేరు తెలుసు, ఆ ఊరే ఇప్పుడు లేదు. మిగతా ముప్పై మందీ ఎవరి పిల్లలు, కాగితాలేవి అని మొదలెడితే నేనేం చెయ్యను?” మాణిక్యాంబ గొంతు తగ్గింది. “వాళ్ళ చుట్టాలెవరో తీసుకెళ్ళుంటారనుకున్నానండి. పండగలొస్తే చెప్పాపెట్టకుండా తీసుకెళ్తారు. నెలకి తెచ్చి దింపుతారు.”

“ఎవరైనా రావడం చూశారా?”

“లేదండి.”

దేవకుమారి అక్కడే కూర్చుని పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి ఓపిగ్గా మాట్లాడింది. ఆధార్ నంబరు అడిగింది, లేదన్నారు. తల్లిదండ్రుల ఫోన్ అడిగింది, లేదన్నారు. ఒంటి మీద గుర్తులు అడిగింది. ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ ఉందన్నారు.

“ఫొటో ఉందాండీ?”

ఉంది. విడి ఫొటో ట్రస్టు హైదరాబాదు ఆఫీసులో ఎవరి దగ్గరో ఉంది, వాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు. దేవకుమారి అట్టనే ఫోన్‌తో తీసి పంపింది.

“నుదుటి మీద అక్షరాలు పడ్డాయండి,” అంది ఆ అమ్మాయి. “అక్షరాలు లేనిది ఉంటే పంపండి. స్టేషన్‌లో కూడా ఒక కంప్లయింట్ ఇవ్వండి. మేం నమోదు చేసుకున్నాం.”

అంతకు మించి, పాపని ఎక్కడ వెతకాలో ఎవరూ చెప్పలేదు.

ఆడపిల్లల గదిలో ఉంగి పక్క చాప దేవెది. దేవెకు పదేళ్ళు. బయట వాన పడుతోంది. గోడకు ఆనుకుని మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుంది.

“ఉంగి ఎక్కడికెళ్ళిందమ్మా?”

దేవె గడ్డం ఎత్తలేదు.

“ఎవరితోనైనా వెళ్ళిందా?”

దేవె చాప అంచు పీకుతోంది.

“నిన్ను కొట్టరు. నేనున్నాగా.”

దేవె ఆవిడ చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయింది. పావుగంట గడిచింది. బలవంతం చేస్తే బిగుసుకుపోయే పిల్లలు వీళ్ళు. దేవకుమారి లేచింది. “సరే, వస్తానమ్మా,” అని గుమ్మం దాకా వెళ్ళింది.

“ఎప్పుడు?” అంది దేవె వెనక నుంచి.

“ఏంటి?”

“ఎప్పుడొస్తారు? పొద్దుటా, మాపా?”

దేవకుమారి గుమ్మంలోనే ఆగిపోయింది.

ఈ డెల్టాలో వెళ్ళేవాళ్ళు వెళ్తానని అనరు. జన్మలో మళ్ళీ ఆ గడప తొక్కని వాళ్ళు కూడా వస్తాననే అంటారు. చావు జరిగిన ఇంట్లో మాత్రమే ఆ మాట అనకుండా మౌనంగా లేచి వెళ్ళిపోతారు. ఇది ఏ వాచకంలోనూ ఉండదు. పుట్టి పెరిగిన వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడేళ్ళుగా తెలుగు నేర్చుకుంటున్న పిల్లలకి మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. కార్యక్రమంలో నలభై రెండు పాఠాలున్నాయి. అందులో ఈ మాట లేదు.

దేవకుమారి వెనక్కి వచ్చి చాప మీద కూర్చుంది.

“మీ ఊళ్ళో వెళ్ళేవాళ్ళు ఏమంటారు?”

“పోతా అంటే పోతారు. వస్తా అంటే వస్తారు,” అంది దేవె, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

“‘వస్తాను’ అని ఉంగితో ఎవరన్నారు?”

“పాల్ సారు. గేటు కాడ. ఉంగి ఎప్పుడని అడిగింది. సారు నవ్వేడు.”

విజయ్ పాల్. ఆ బడిలో రెండేళ్ళు కౌన్సిలర్‌గా పనిచేసి జూన్ ఆఖర్లో వెళ్ళిపోయిన కుర్రాడు. ఉంగి మొదటిసారి నోరు విప్పింది అతని దగ్గరే.

దేవె తన రేకు పెట్టెలోంచి ఒక నోటుపుస్తకం తీసి ఇచ్చింది. ఉంగిది. మొదటి పేజీల్లో అక్షరాలు, తర్వాత ఊళ్ళ పేర్లు ఉన్నాయి. రాజమండ్రి, కడియం, రావులపాలెం. గట్టు మీద పోయే బస్సుల బోర్డులు చూపించి చదువు చెప్పడం విజయ్ పాల్ పద్ధతి. నివేదికలో దాన్ని కూడా మెచ్చుకున్నారు. జులై తర్వాత పేజీల్లో ఒక్కటే మాట ఉంది. పై నుంచి కింది దాకా, ప్రతి పేజీలోనూ.

తణుకు. తణుకు. తణుకు.

“సారుది ఆ ఊరే,” అంది దేవె. “పంచదార చేసే ఊరంట. రోజూ సాయంత్రం గేటు కాడ నిలబడేది. సారు ఇంకా రాలేదు, దారి మర్చిపోయేడేమో అంది. నాకు దారి తెలుసు, బోర్డు చదవొచ్చు అంది.”

దేవకుమారి మూల్యాంకనం ఫైలు తెరిచింది. ‘సరళ పదాలు చదవగలదా?’ అవును. ‘భవిష్యత్తు మీద ఆశ ఉందా?’ పదికి పది. కింద ఇరవై మూడో అంశం. ‘కౌన్సిలర్ వెళ్ళిపోయే ముందు, నెల రోజులుగా క్యాలెండర్‌లో రోజులు కొట్టివేస్తూ, ఇక తాను రానని పిల్లకు స్పష్టంగా చెప్పడం జరిగిందా?’ అవును. కింద విజయ్ పాల్ సంతకం. ఆ పక్కన, సరిచూసినట్టు, దేవకుమారి సంతకం.

ఆఫీసు గదిలోకి వెళ్ళి మాణిక్యాంబని అడిగింది. “విజయ్ పాల్ ఈమధ్య ఏమైనా ఫోన్ చేశాడా?”

“రెండుసార్లు చేశాడండి. పిల్లలకి టిఫిన్లు పెడుతున్నాను, ఎత్తలేదు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కోసం అయ్యుంటుందనుకున్నా.”

“ఎప్పుడు? ఫోన్ ఇలా ఇవ్వండి.”

మాణిక్యాంబ ఫోన్‌లో వేలితో పైకి జరుపుతూ పోయింది. దొరికింది. ఎనిమిదో తారీకు, ఉదయం తొమ్మిదీ పన్నెండు. మళ్ళీ తొమ్మిదీ పద్నాలుగు. ఆవిడ ఆ తేదీ వైపు కాసేపు చూసి కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

తణుకు బస్సులో కండక్టర్ దేవకుమారి ఆధార్ చూసి ఆడవాళ్ళకి ఉచితం కనక సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ముందు సీటులో ఒకావిడ పక్కన ఏడెనిమిదేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. ఆ పిల్లని ఏమీ అడగలేదు.

“చిన్నపిల్ల ఒక్కత్తీ ఎక్కితే తెలుస్తుందా బాబూ?”

“ఎలా తెలుస్తుందండీ? ఆడవాళ్ళతో బస్సంతా నిండిపోతోంది. పిల్ల ఏ ఆవిడ పక్కన కూర్చుంటే ఆ ఆవిడ పిల్లే.” రెండు సీట్లు దాటి వెనక్కి తిరిగాడు. “ఏంటండీ, ఎవరైనా తప్పిపోయేరా?”

అట్ట చూపించింది. అతను తేరిపార చూశాడు.

“ఈ నవ్వు చూసినట్టే ఉందండి. అయినా రోజుకి ఐదొందల మందిని చూస్తాం. అబద్ధం ఎందుకు చెప్పాలి, గుర్తులేదు.”

రావులపాలెం దాటాక గోదావరి వంతెన మీద బస్సు నెమ్మదించింది. ఎర్రనీళ్ళు లంకల మీద నిండుగా పోతున్నాయి. తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్కత్తీ ఈ కిటికీలోంచి ఈ నీళ్ళు చూసి ఉంటుందా? అది తప్ప ఇంకేమీ ఆలోచించలేకపోయింది దేవకుమారి. ఫోన్ మోగింది. హెల్ప్‌లైన్ కాదు, ట్రస్టు ఆఫీసు. సోమవారం దాతలు వస్తున్నారు, వాళ్ళకి ఉంగిని చూపిస్తే బావుంటుంది అని అట్నుంచి. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

విజయ్ పాల్ ఇప్పుడు పనిచేస్తున్నాడని మాణిక్యాంబ చెప్పిన ట్యూషన్ సెంటర్ తణుకు బస్టాండుకు ఐదు నిమిషాల నడకలో ఉంది. రెండో అంతస్తులో ఆఖరి గది. పిల్లలు అప్పుడే వెళ్ళిపోయారు. బోర్డు మీద సగం చెరిపిన లెక్క ఉంది. అతను డస్టర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇరవై ఏడేళ్ళుంటాయి. మూడు నెలల్లో బాగా చిక్కిపోయాడు.

“నమస్తే మేడమ్,” అన్నాడు. తర్వాత ఆవిడ చేతిలో అట్ట చూశాడు. డస్టర్ బల్ల మీద పెట్టాడు.

దేవకుమారి మూడింటినీ వరసగా బెంచీ మీద పెట్టింది. అతను సంతకం పెట్టిన ఫారం, తణుకు అని నిండిన నోటుపుస్తకం, ఒక చీటీ మీద రాసుకొచ్చిన రెండు సమయాలు. తొమ్మిదీ పన్నెండు, తొమ్మిదీ పద్నాలుగు.

“ఆ రోజు ఉంగి నీ దగ్గరికి వచ్చింది. అవునా?”

అతను నోటుపుస్తకం తీసి రెండు పేజీలు తిప్పాడు. మూసేశాడు.

“పాప ఎక్కడుంది విజయ్?”

“తెలీదండి.”

“మరి ఏం తెలుసో అది చెప్పు.”

అతను పిల్లలు కూర్చునే చిన్న బెంచీ మీద కూర్చున్నాడు. తల వంచుకునే చెప్పాడు.

“ముప్పై మందికీ క్యాలెండర్ పద్ధతి చేశానండి. మీరు ఎవరినైనా అడగండి. ఉంగికీ మొదలుపెట్టాను. ఒక్క రోజు కొట్టేశాను, మర్నాడు అన్నం మానేసింది. వాళ్ళమ్మ బియ్యం తెస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు కదండీ. నేనూ రానని ఎలా చెప్పను? చెప్పలేదు. ఫారంలో అవునని పెట్టేశాను.

“వెళ్ళే రోజు గేటు దగ్గర ‘వస్తానమ్మా’ అన్నాను. నోటికి అలవాటైన మాట, అందరం అంటాం. తను ఎప్పుడని అడిగింది. అప్పుడే నాకు అర్థమైందండి, తను ఆ మాట ఎలా తీసుకుందో. తెలియక చేశానంటే అబద్ధం. తెలిసే నవ్వి ఊరుకున్నాను. నమ్మితే అన్నం తింటుంది కదా అనుకున్నాను. నిజంగానే తింది. జులైలో మీ పరీక్షలో బాగా చేసిందని విన్నాను. ఆ పది పిక్కలూ ఎవరి కోసం వేసిందో నాకు తెలుసు. అయినా మీకు చెప్పలేదు.

“ఎనిమిదో తారీకు పొద్దున్న తొమ్మిదింటికి బస్టాండులోంచి అడ్డం పడి వస్తున్నాను. మూడో ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని ఉంది. హాస్టలు గౌను, చెప్పుల్లేవు. నన్ను చూసి పరిగెత్తుకు రాలేదండి. అక్కడే కూర్చుని నవ్వింది. ‘నేనే వచ్చేశాను సార్’ అంది.

“మాణిక్యాంబ గారికి రెండుసార్లు చేశాను. ఎత్తలేదు. తొమ్మిదిన్నరకి క్లాసు. ఆ వారం రెండుసార్లు ఆలస్యంగా వచ్చాను, ఇంకోసారైతే రావద్దన్నారు. తీసుకొచ్చి ఇక్కడ వెనక బెంచీలో కూర్చోబెట్టొచ్చు. ఎవరీ పిల్ల, నీ దగ్గరికి ఎందుకొచ్చింది అని అడుగుతారని భయమేసింది. బడి నుంచి పారిపోయి వచ్చిందంటే ఎందుకొచ్చిందని ఆరా తీస్తారు, ఆ ఫారం బయటికొస్తుంది, అది కూడా అనుకున్నాను. అంతా అర నిమిషంలో అనుకున్నానండి. ఒక బన్ను కొని చేతిలో పెట్టి, ‘ఇక్కడే కూర్చోమ్మా, వస్తాను’ అన్నాను. మళ్ళీ అదే మాట.

“ఈసారి నిజంగానే వద్దామనుకున్నాను. పదిన్నరకి క్లాసైపోయింది. రెండో బ్యాచి సారు రాలేదు, అదీ నన్నే చెప్పమన్నారు. చెప్పాను. పన్నెండూ పదికి వెళ్ళాను. బెంచీ మీద బన్ను ఉంది, కొరకలేదు.

“అక్కడ టీ కొట్టు శ్యామలాంబ గారని ఉన్నారు. పదకొండున్నర దాకా కదలకుండా కూర్చుందట. ఎవరు పిలిచినా మా సారు వస్తారు అందట. అప్పుడు పనికెళ్ళే గుంపేదో బస్సు దిగిందండి. మూటలతో, పదిహేను మంది. అందులో ఒకామె ఆగి ఉంగి వాళ్ళ భాషలోనే ఏదో మాట్లాడిందట. ఉంగి బన్ను బెంచీ మీద పెట్టి, లేచి ఆమె వెంట వెళ్ళిందట. ఏడవలేదట. బయట వ్యాను ఎక్కారు. ఏ వ్యానో, ఎటు పోయిందో ఆవిడ చూడలేదు. మీరొచ్చే ముందు వారం రోజులు అలాంటి గుంపులు పనిచేసే రొయ్యల షెడ్లన్నీ తిరిగానండి, ఇటు భీమవరం దాకా. గేటు దాటనివ్వలేదు. ఆమె ఉంగి వాళ్ళమ్మే అని అనుకుంటున్నాను. రోజూ అనుకుంటున్నాను. కూలీల మేస్త్రీ తాలూకు మనిషి కూడా అయ్యుండొచ్చు.

“ఎవరికీ చెప్పలేదు. ఆ రోజే చెప్పి ఉంటే వ్యాను దొరికేది. పదకొండు రోజులు నేనే దాచానండి. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు. సాయంత్రం క్లాసయ్యాక వెళ్ళి ఆ బెంచీ మీద కాసేపు కూర్చుంటున్నాను. శ్యామలాంబ గారు టీ ఇస్తారు, ఏమైనా తెలిసిందా బాబూ అంటారు. కొట్టు కట్టేసే వేళకి లేస్తాను. ఆవిడతో వస్తానండీ అని చెప్పాలని నోటి దాకా వస్తుంది. చెప్పట్లేదండి. ఊరికే లేచి వెళ్ళిపోతున్నాను.”